పేగు పురి విప్పిన గొట్టం

ఎక్స్‌రే ఫిల్మును లైటుపెట్టె మీద తగిలించగానే కంటికి కొట్టేది ఒకటే. మధ్యకు మడిచిన సైకిల్ ట్యూబు. నిండా గాలి కొట్టిన ట్యూబు రెండు కొసల్నీ ఒకే పిడికిట్లో బిగించి పట్టుకుంటే మిగిలిన భాగమంతా ఎలా పొంగి నిలబడుతుందో, అలా పొత్తికడుపు అడుగు నుంచి పక్కటెముకల దాకా లేచిన ఒక నల్లటి కమాను. రేడియాలజీ పుస్తకాలు దీన్ని కాఫీగింజతో పోలుస్తాయి. గింజ మధ్యలో గాడి ఉన్నట్టే, ఇక్కడా ఆనుకుని ఉన్న రెండు పేగు గోడలు నడిమిన ఒక తెల్లటి గీతలా కనిపిస్తాయి. చూపుకు ఆ పోలిక సరిపోతుంది. జబ్బు తీరు తెలియాలంటే మాత్రం సైకిల్ ట్యూబే నయం. లోపల గాలి పెరుగుతూనే ఉంది, పిడికిలి వదలడం లేదు.

మామూలు కడుపునొప్పికి కూడా మనం "పేగులు మెలిపెడుతున్నాయి" అంటాం. ఈ జబ్బులో ఆ మాట అక్షరాలా నిజం. పెద్దపేగు ఎడమ పక్కగా కిందికి దిగి, మలాశయంలో కలిసే ముందు ఒక వంపు తిరుగుతుంది. దాని పేరు సిగ్మాయిడ్ కోలన్. ఈ వంపు పొట్టగోడకు అతుక్కుని ఉండదు. విసనకర్రలా పరుచుకున్న ఒక పలచటి పొర దాన్ని వెనకగోడకు వేలాడదీస్తుంది. పేగుకు నెత్తురు తెచ్చే నాళాలన్నీ ఆ పొరలోంచే వస్తాయి. కొందరిలో ఈ వంపు చాలా పొడవు, దాని రెండు కాళ్లూ మాత్రం బాగా దగ్గర. రెండు ఉయ్యాల తాళ్లనూ ఒకే కొక్కేనికి కట్టినట్టు. ఏళ్ల తరబడి మలబద్ధకంతో బరువెక్కి సాగిన ఆ వంపు ఒకనాడు తన మొదలు చుట్టూ తానే తిరుగుతుంది. సగం చుట్టు తిరిగి, మళ్లీ తనంతట తానే సర్దుకోవడం కూడా జరుగుతుంది. అలాంటి మనిషి ఏడాదికి రెండుసార్లు కడుపు ఉబ్బి, ఒక పూట బాధపడి, గాలి పోగానే తేలికపడి, దాన్ని గ్యాస్ అనుకుంటాడు. నిండు చుట్టు పడితే మాత్రం పురి బిగుస్తుంది.

బిగిసిన తరవాత నడిచేది ఒక క్రమంలో నడుస్తుంది. రెండు వైపులా మూతపడిన వంపులో సూక్ష్మజీవులు తమ పని ఆపవు, వాయువు పుడుతూనే ఉంటుంది. పొర మొదట్లో ఉన్న నాళాల్లో పలచటి గోడలున్న సిరలు ముందు నలుగుతాయి. నెత్తురు లోపలికి వస్తుంది, తిరిగి పోలేదు. పేగు గోడ వాచి ఊదారంగుకు తిరుగుతుంది. ఆ తరవాత ధమనులూ మూసుకుంటే పేగు నల్లబడుతుంది, కుళ్లుతుంది, చిల్లుపడుతుంది. డాక్టర్లు దీన్ని వాల్వ్యులస్ అంటారు. దొర్లడం, చుట్టుకోవడం అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చిన పేరది.

పురి విప్పాలంటే దారులు రెండే. పొట్ట కోసి, చేతులతో పట్టుకుని, వెనక్కి తిప్పడం ఒకటి. కోయకుండా, ప్రకృతి ఇచ్చిన దారిలోనే కింది నుంచి వెళ్లి, లోపలి నుంచి విప్పడం రెండోది. ఈ వ్యాసం ఆ రెండో దారిది, ఆ దారిలో వెళ్లిన గొట్టానిది. ఆ గొట్టం రెండు వేల ఏళ్ల పైబడి గుడ్డిదిగా బతికి, తరవాత చూపు తెచ్చుకుని, ఆ తరవాత ఒళ్లు వంచడం నేర్చుకుంది.

క్రీ.పూ. 1550 ప్రాంతానిదని చెప్పే ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లో పేగు మెలిక ప్రస్తావన ఉందని వైద్య చరిత్రకారులు చదివారు. మెలిక తనంతట తాను విడిపోవాలి, లేదా పేగు కుళ్లిపోవాలి అన్నది దాని సారాంశం. అందులో వైద్యుడు చేయగలిగింది పెద్దగా లేదు. చేయడం మొదలుపెట్టింది గ్రీకులు. హిపోక్రటీస్ పేరుమీద వచ్చిన గ్రంథాల్లో పేగు మూసుకుపోయిన రోగికి కమ్మరి తిత్తితో మలద్వారం గుండా గాలి ఊదమని ఉంది. ఆ గాలి పేగును తెరిచాక తిత్తి తీసేసి ఎనిమా ఇవ్వాలి. కొలిమి ముందు కూర్చుని తిత్తి ఊదే మనిషిని చూసినవాళ్లకు ఈ వైద్యం వినగానే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఆ ఆలోచనలో ఉన్న తెలివిని తక్కువ చేయలేం. మెలిపడిన గొట్టంలోకి కింది నుంచి గాలి నింపితే, మెలికకు ఇవతలి భాగం ఉబ్బి, నిటారై, మెలికను వెనక్కి తిప్పే బలం పుడుతుంది. ఈనాటి ఎండోస్కోపీ గదిలో జరిగే పనికి మూలసూత్రం ఇదే.

తిత్తిలో లేనిది కన్ను. పేగు అప్పటికే కుళ్లి ఉంటే, ఊదిన గాలి దాన్ని పగలగొడుతుంది. బతికి ఉంటే బతికిస్తుంది. లోపల ఏముందో ఊదేవాడికి తెలిసే మార్గం లేదు. ఒకే చెయ్యి ఒకే పని చేసి ఒకర్ని కాపాడి ఇంకొకర్ని చంపుతుంది. ఆ గొట్టం చరిత్రను చదువుతున్నప్పుడల్లా నా మనసు ఆగేది ఇక్కడే. గొట్టం దొరకడం కష్టం కాలేదు, వెలుతురును గొట్టంలోకి పంపడమే కష్టమైంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బొజ్జీని అనే యువ వైద్యుడు 1806లో ఆ పని చేసి చూపించాడు. ఒక రేకు పెట్టె, లోపల మైనపు కొవ్వొత్తి, వెనక ఒక అద్దం, ముందు సన్నటి గొట్టం. కొవ్వొత్తి వెలుగు గొట్టంలోకి, చూపు కూడా గొట్టంలోకి. వియన్నాలో దాన్ని పరీక్షించారు, పెద్దల మధ్య వివాదం రేగింది, పరికరం మూలన పడింది. బొజ్జీని 1809లో టైఫస్ జ్వరంతో పోయాడు, అప్పటికి ముప్పై ఆరేళ్లు కూడా నిండలేదు. పారిస్‌లో దెజోర్మో 1853లో కొవ్వొత్తి స్థానంలో ఆల్కహాలు, టర్పెంటైను కలిపి మండే దీపం పెట్టాడు. వెలుగు పెరిగింది, వేడి కూడా పెరిగింది.

పెద్దపేగు వరకు ఈ కథను తెచ్చినవాడు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్త్రీల వైద్య విభాగం నడిపిన హోవార్డ్ కెల్లీ. ఆయన 1895లో రకరకాల పొడవుల్లో లోహపు గొట్టాలు చేయించాడు. రోగిని మోకాళ్ల మీద, ఛాతీ మీద వంచి పడుకోబెడితే పేగులు ఛాతీ వైపు జారతాయి. అప్పుడు గొట్టం లోపలి మూత తీయగానే బయటి గాలి దానంతటదే లోపలికి దూరి మలాశయాన్ని తెరుస్తుంది. తిత్తి అక్కర్లేదు. నుదుటికి కట్టుకున్న అద్దంతో దీపం వెలుగును గొట్టంలోకి మళ్లించి చూసేవాడు. ఆ తరవాత కొద్ది ఏళ్లలోనే చిన్న విద్యుత్ బల్బులు గొట్టం కొసకు చేరాయి. అలా తయారైన 25 సెంటీమీటర్ల నిటారు గొట్టం, సిగ్మాయిడోస్కోప్, ఇరవయ్యో శతాబ్దమంతా శస్త్రచికిత్స విభాగాల బీరువాల్లో ఉంది. ఇప్పటికీ చాలా చోట్ల ఉంది.

ఆ 25 సెంటీమీటర్లే ఇక్కడ మనకు కలిసొచ్చింది. సిగ్మాయిడ్ మెలిక సాధారణంగా మలద్వారం నుంచి 15 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. అంటే ఈ కర్రలాంటి గొట్టం కొస సరిగ్గా మెలిక గుమ్మం దాకా వెళ్లగలదు. నార్వే వైద్యుడు క్రిస్టియన్ బ్రూస్‌గార్డ్ దీన్ని ఒక పద్ధతిగా మార్చాడు. మెలిక కనిపించేదాకా నిటారు గొట్టం, అక్కడి నుంచి దాని గుండా ఒక మెత్తటి రబ్బరు గొట్టం. రబ్బరు గొట్టానికి నూనె రాసి, తొయ్యకుండా, నెమ్మదిగా తిప్పుతూ మెలికలోంచి జారనిస్తే, ఒక్కసారిగా వాయువు, పలచటి మలం వరదలా బయటికి వస్తాయి. కడుపు కళ్లముందే దిగుతుంది. తన రోగుల అనుభవాన్నంతా ఆయన 1947లో 'సర్జరీ' అనే పత్రికలో ప్రచురించాడు. చేసినవాటిలో చాలా ఎక్కువ భాగం కత్తి పట్టకుండానే విడిపోయాయి. అంతవరకూ మెలిక అంటే వెంటనే పొట్ట కోయడమే. ఉబ్బిన పేగుతో, ఎండిపోయిన ఒంటితో, శుభ్రం చేయని పేగును అప్పటికప్పుడు కోయడంలో మరణాలు చాలా ఎక్కువ. బ్రూస్‌గార్డ్ వ్యాసం వచ్చాక, పేగు బతికి ఉన్న రోగికి ముందు గొట్టమే అన్న ఆలోచన ప్రపంచమంతా పాకింది. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే. కొత్త యంత్రం ఏదీ కనిపెట్టలేదు. బీరువాలో ఉన్న రెండు మామూలు వస్తువుల్ని ఒకదానిలోంచి ఒకటి పంపాడు.

అయినా కర్ర కర్రే. పేగు వంపులు తిరిగేది, లోహం తిరగనిది. మెలిక కాస్త పైన పడితే అందదు. అందినా, గుమ్మం కనిపిస్తుంది గాని ఇల్లు కనిపించదు. మెలికకు అవతల, ఉబ్బిన వంపు లోపలి గోడ ఏ రంగులో ఉందో రబ్బరు గొట్టం చెప్పలేదు. అది గుడ్డిగానే వెళ్లింది. అంటే తిత్తి నాటి సమస్య పూర్తిగా తీరలేదు, ఇరవై సెంటీమీటర్లు పైకి జరిగిందంతే.

వంగే గొట్టంలోంచి చూడటం ఎలా? వెలుతురు తిన్నగా పోతుంది కదా? ఈ ప్రశ్న 1951లో ఇంగ్లండులో ఒక విందు బల్ల దగ్గర లేచింది. లండన్ వైద్యుడు హ్యూ గెయిన్స్‌బరో, జీర్ణాశయం చూసే నిటారు గొట్టాలు రోగుల్ని ఎంత హింస పెడుతున్నాయో తన పక్కన కూర్చున్న భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్‌తో చెప్పుకున్నాడు. హాప్కిన్స్ ఇంపీరియల్ కాలేజీలో కటకాల మీద పనిచేస్తున్నవాడు. గాజును దారంలా తీస్తే వంగుతుంది, ఆ దారంలో వెలుతురు గోడకు తగిలి మళ్లీ లోపలికే తుళ్లుతూ కొస దాకా పోతుంది, అలాంటి దారాల్ని వేలకు వేలు కట్టగా కడితే ఒక్కొక్క దారం బొమ్మలోని ఒక్కొక్క చుక్కను మోస్తుంది. ఈ ఊహను చేత్తో చేసి చూపించడానికి ఆయనకు తోడు వచ్చిన పరిశోధక విద్యార్థి మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. వెలుతురు తిన్న గీతలోనే పోతుందని డెహ్రాడూన్ బడిలో మాస్టారు చెప్పిన మాట తనకు అప్పట్నుంచీ మింగుడుపడలేదని కపానీ తరవాతి కాలంలో చెప్పేవారు.

కట్టగా కట్టడం వినడానికి తేలిక. వెంట్రుక కంటే సన్నటి దారాలు ఈ కొసలో ఏ వరసలో ఉన్నాయో ఆ కొసలోనూ సరిగ్గా అదే వరసలో ఉండాలి. ఒక్కటి చోటు మారినా బొమ్మలో ఒక చుక్క చోటు మారుతుంది. వేల దారాలు చోటు మారితే బొమ్మే ఉండదు. హాప్కిన్స్, కపానీ ఒక పొడవాటి దారాన్ని చక్రం మీద చుట్టలుగా చుట్టి, చుట్టను ఒక చోట కోసి ఈ చిక్కు విప్పారు. మగ్గం ముందు పడుగు పేర్చే నేతగాడికి ఈ పని ఎంత ఓపికతో కూడిందో వేరే చెప్పనక్కర్లేదు. వారి పత్రం 1954 జనవరి 2న 'నేచర్' పత్రికలో వచ్చింది. అదే సంచికలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త వాన్ హీల్ రాసిన చిన్న పత్రం కూడా ఉంది. దారాలు ఒకదానికొకటి తగిలిన చోట వెలుతురు కారిపోతుంది, కాబట్టి ప్రతి దారానికీ వేరే పదార్థంతో ఒక తొడుగు వేయాలి అన్నది దాని సారం.

ఆ పత్రాలు చదివి లండన్ వెళ్లి చూసొచ్చినవాడు బేసిల్ హిర్షోవిట్జ్. దక్షిణాఫ్రికాలో పుట్టి, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జీర్ణకోశ వైద్యం నేర్చుకుంటున్నాడు. ఆయనతో కలిసిన లారీ కర్టిస్ అప్పటికి డిగ్రీ చదువుతున్న కుర్రవాడు. తొడుగుగా ప్లాస్టిక్, వార్నిష్ వాడి చూస్తే పని కాలేదు. కర్టిస్ ఒక గాజు కడ్డీని వేరే రకం గాజు గొట్టంలోకి దూర్చి, రెండింటినీ కలిపి కరిగించి దారం లాగాడు. లోపల ఒక గాజు, దాని చుట్టూ ఇంకో గాజు. అది 1956 డిసెంబరు. ఇవాళ మన వీధి స్తంభం మీదుగా ఇంట్లోకి ఇంటర్నెట్ తెచ్చే ఫైబరు తీగలోనూ అమరిక అదే, లోపల ఒక గాజు, పైన ఒక గాజు. రెండు నెలలకే, 1957 ఫిబ్రవరిలో, హిర్షోవిట్జ్ ఆ దారాల కట్టతో చేసిన గొట్టాన్ని ముందు తనే మింగాడు. తరవాతే రోగికి మింగించాడు. 

పై నుంచి మింగే గొట్టం తయారైంది. కింది నుంచి వెళ్లేది అంత తొందరగా లొంగలేదు. పెద్దపేగు ఒకటిన్నర మీటరు పొడవు, అడుగడుగునా మలుపు. ఇటలీలో సార్డీనియా ద్వీపం వైద్యులు ప్రొవెంజాలే, రెవిన్యాస్ 1965లో చేసిన ప్రయోగం చదివితే ఆ కాలపు పట్టుదల అర్థమవుతుంది. రోగి చేత ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని మింగించారు. అది పేగులన్నీ దాటి కింది నుంచి బయటికి వచ్చేదాకా ఆగారు. ఆ కొసకు ఎండోస్కోప్‌ను కట్టి, పై కొస పట్టి లాగుతూ, బావిలో చేదను తోడినట్టు, పెద్దపేగు మొత్తంలోకి ఎక్కించారు. అది అందరికీ చేయదగ్గ పని కాదు. మిషిగన్‌లోనే బెర్గైన్ ఓవర్‌హోల్ట్ పొట్టి రకం మెత్తటి సిగ్మాయిడోస్కోప్‌ను 1960ల్లో రోగుల్లో వాడి చూపించాడు. జపాన్ కంపెనీలు కొసను నాలుగు వైపులకూ తిప్పగల గొట్టాలు చేశాయి. న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, జపాన్ నుంచి వచ్చిన యువ సర్జన్ హిరోమి షిన్యా 1969 నుంచి వాటితో పెద్దపేగంతా చూడటం మొదలుపెట్టారు. వాళ్ల ముఖ్య పని పేగులో మొలిచే పాలిప్‌లను కోయకుండా తీయడం. కానీ పేగులోకి వంగి వెళ్లగల, చూడగల, గాలి ఊదగల, పీల్చగల గొట్టం చేతిలో ఉన్నప్పుడు మెలిక రోగి తలుపు తట్టక మానడు కదా. అదే బృందం, ఘాజీ అనే సహవైద్యుడితో కలిసి, పెద్దపేగు మెలికను ఈ గొట్టంతో, అంటే కోలనోస్కోప్‌తో, విప్పిన అనుభవాన్ని 1976లో 'ఆనల్స్ ఆఫ్ సర్జరీ'లో రాసింది. 

ఆ తరవాత 1983లో గాజు దారాల కట్ట స్థానంలో కొసకే ఒక చిన్న ఎలక్ట్రానిక్ కన్ను అమర్చిన వీడియో ఎండోస్కోప్ వచ్చింది. ఆ కన్నుకు మూలమైన సీసీడీ చిప్‌ను కనిపెట్టిన బాయిల్, స్మిత్‌లకు, గాజు దారాల్లో వెలుతురును దూరాలకు పంపే మార్గం చూపిన చార్ల్స్ కావోకు 2009 భౌతికశాస్త్ర నోబెల్‌ను కలిపి ఇచ్చారు. ఎండోస్కోప్ పాత కన్ను, కొత్త కన్ను రెండింటి శాస్త్రమూ ఒకే బహుమతిలో కలిసింది. అందులో కపానీ పేరు లేకపోవడం చాలామందిని బాధపెట్టింది. నాకూ ఆ బాధ ఉంది. ఆయన 2020లో కన్నుమూశాక, మరుసటి ఏడు మన దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇప్పుడు ఎండోస్కోపీ గదిలోకి వెళ్దాం. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. మూడు రోజులుగా విరేచనం లేదు, గాలి కూడా పోలేదు. కడుపు డోలులా బిగిసి ఉంది, వేలితో తడితే డప్పు మోగినట్టు మోగుతుంది. సెలైన్ ఎక్కుతోంది, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం ఉంది. జ్వరం లేదు, కడుపు నొక్కి వదిలితే అరిచేంత నొప్పి లేదు. ఈ చివరి రెండు మాటలూ ముఖ్యం. జ్వరం, ఆ నొప్పి ఉంటే పేగు చచ్చిపోయిందేమో అన్న అనుమానం వస్తుంది, అప్పుడు ఈ గదికి తీసుకురారు, నేరుగా ఆపరేషన్ థియేటరుకే.

గొట్టం లోపలికి వెళ్తుంది. డాక్టరు గాలి వీలైనంత తక్కువ ఊదుతాడు. మెలికకు అవతల ఇప్పటికే ఉన్న ఒత్తిడికి ఇంకాస్త కలిపితే ప్రమాదం. చాలా చోట్ల గాలికి బదులు కార్బన్ డయాక్సైడు వాడతారు, దాన్ని ఒళ్లు తొందరగా పీల్చుకుంటుంది. ఇరవై సెంటీమీటర్లు దాటాక తెరమీద పేగు మడతలన్నీ ఒక బిందువు వైపు వలయంగా తిరుగుతూ కనిపిస్తాయి. తడి బట్టను ఇద్దరు చెరో కొసా పట్టి పిండితే నడుమ పడే ముడతలు ఎలా ఉంటాయో అలా. అదే మెలిక. మధ్యలో దారి ఉందని కంటికి తెలియదు, మడతలు తిరిగే దిక్కే దారి చెబుతుంది. డాక్టరు గొట్టం కొసను ఆ బిందువుకు ఆనించి, కాస్త గాలి ఊది, తన మణికట్టును ఆ వలయం దిక్కులో నెమ్మదిగా తిప్పుతాడు. తొయ్యడు. తోస్తే చిల్లు పడుతుంది. ఒక క్షణం మెత్తగా అడ్డు తగిలి, తరవాత వదులవుతుంది. తెరమీద ఇరుకు సందు పోయి, గోదాములాంటి విశాలమైన చీకటి గది తెరుచుకుంటుంది. అక్కడి నుంచి పీల్చుడు మొదలు. వాయువు, పలచటి మలం లీటర్ల కొద్దీ వస్తాయి. వార్డు సిస్టర్లు ముందే ప్లాస్టిక్ ఏప్రాన్‌లు కట్టుకుని, కింద బేసిన్ పెట్టి సిద్ధంగా ఉంటారు. పెద్దాయన ముఖం చూస్తే తెలుస్తుంది, మూడు రోజుల బిగువు మూడు నిమిషాల్లో దిగుతుంది.

ఇక్కడే చాలామంది చప్పట్లు కొట్టేస్తారు. నా దృష్టిలో ఈ యంత్రం అసలు ఘనత దీని తరవాతి అయిదు నిమిషాల్లో ఉంది. డాక్టరు గొట్టాన్ని తొందరపడి వెనక్కి లాగడు. వంపు మొత్తం తిరిగి గోడల్ని చూస్తాడు. లేత గులాబీ రంగు అయితే పేగు బతికి ఉంది. కాస్త కందినా ఊరుకోవచ్చు. ఊదా, నలుపు మచ్చలు, నల్లటి నెత్తురు, పుండ్లు కనిపిస్తే వెంటనే ఆపేసి, గొట్టం తీసేసి, సర్జన్‌కు కబురు పంపాలి. చచ్చిన పేగు పురి విప్పితే అందులో నిలిచిన విషాలు ఒక్కసారి నెత్తుటిలోకి పోతాయి, గోడ చిట్లుతుంది. కమ్మరి తిత్తికి తెలియనిది, బ్రూస్‌గార్డ్ రబ్బరు గొట్టానికి కనబడనిది ఇదే. విప్పడం తిత్తీ చేసింది, రబ్బరూ చేసింది. ఎప్పుడు విప్పకూడదో చెప్పగలిగింది మాత్రం చూపున్న గొట్టమే.

విడిపోయిన పేగులో వాయువు బయటికి పోవడానికి ఒక మెత్తటి గొట్టాన్ని, ఫ్లేటస్ ట్యూబును, వదిలి, దాని బయటి కొసను తొడకు ప్లాస్టర్‌తో అంటిస్తారు. ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. లేకపోతే ఆ రాత్రే మళ్లీ తిరగొచ్చు.

అసలు చిక్కు ఆ తరవాత ఉంది. మెలిక విడిపోయింది గాని పొడవైన వంపు పోలేదు, దగ్గర దగ్గర కాళ్లు దూరం కాలేదు. ఎండోస్కోప్‌తో విప్పే ప్రయత్నం 100 మందిలో 60 నుంచి 95 మందిలో ఫలిస్తుందని రకరకాల అధ్యయనాలు చెబుతాయి. కానీ అంతటితో వదిలేస్తే అలా విడిపోయినవాళ్లలో 40 నుంచి 70 పైచిలుకు శాతం మందికి మళ్లీ మెలిక పడుతుంది. అందుకే "ఆపరేషన్ లేకుండా నయమైంది" అని ఇంటికి వెళ్లిపోవడం నన్ను భయపెడుతుంది. కడుపు దిగగానే ఇంటివాళ్లు పెద్దాయనను తీసుకెళ్లిపోతారు, పొలం పనులు, ఖర్చులు, "తగ్గింది కదా" అన్న ధైర్యం. ఆ గొట్టం ఇచ్చేది గడువు. ఆ గడువులో నీళ్లు, లవణాలు సరిచేసి, గుండె, ఊపిరితిత్తులు చూసి, పేగు శుభ్రం చేసి, అదే ఆసుపత్రి మకాంలో, కొద్ది రోజుల్లోనే ఆ పొడవైన వంపును కోసి తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాలి. అర్ధరాత్రి అత్యవసరంగా చేసే ఆపరేషన్‌కూ, మూడు రోజుల తరవాత పగటిపూట సిద్ధమై చేసే ఆపరేషన్‌కూ రోగి ప్రాణం విషయంలో చాలా తేడా ఉంది. చాలామందికి పొట్ట మీద మలసంచి పెట్టుకునే అవసరమూ తప్పుతుంది.

మత్తుమందు తట్టుకోలేనంత బలహీనులు ఉంటారు. మంచం దిగని తొంభై ఏళ్లవారు, గుండె పూర్తిగా దెబ్బతిన్నవారు. వాళ్లకోసం ఎండోస్కోప్ ఇంకో పని నేర్చుకుంది. పొట్టమీది నుంచి జీర్ణాశయంలోకి ఎండోస్కోప్ సాయంతో ఆహారపు గొట్టం వేసే పద్ధతిని గౌడరర్, పాన్‌స్కీ 1980లో ప్రచురించారు. అదే ఉపాయంతో సిగ్మాయిడ్ వంపును లోపలి నుంచి వెలుతురుతో చూసుకుంటూ, పొట్టగోడకు ఒకటో రెండో చోట్ల గొట్టాలతో బిగించేస్తారు. గుంజకు కట్టేసిన పేగు మళ్లీ తిరగలేదు, లోపలి వాయువు ఆ గొట్టం గుండా పోతుంది. ఇన్‌ఫెక్షన్, పేగు నుంచి లీకు వంటి ప్రమాదాలు దీనిలో తక్కువేమీ కాదు. అందుకే ఆపరేషన్ అసాధ్యమైనవారికే వాడతారు.

ఈ గొట్టం అందరి మెలికకూ మందు కాదని కూడా గట్టిగా చెప్పాలి. కుడిపక్క పెద్దపేగు మొదలయ్యే సీకం దగ్గర పడే మెలికను కింది నుంచి వెళ్లి విప్పడం అరుదుగానే ఫలిస్తుంది, అది సర్జన్ పని. పుట్టుకతోనే పేగులు సరైన చోట కుదురుకోని పసిబిడ్డకు చిన్నపేగు మెలిపడితే ఆకుపచ్చ వాంతి వస్తుంది. ఆ రంగు చూసిన తల్లి గంట కూడా ఆగకూడదు, ఎండోస్కోపీ ఊసే వద్దు, పిల్లల సర్జన్ దగ్గరికే పరుగెత్తాలి.

ప్రపంచ పటం మీద వైద్యులు "వాల్వ్యులస్ బెల్ట్" అని గీసిన పట్టీలో మన దేశమూ ఉంది. ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, రష్యా, దక్షిణ అమెరికాలో కొన్ని ప్రాంతాలు అందులో తోడు. అమెరికాలో పెద్దపేగు మూసుకుపోయే కేసుల్లో ఇది 100కు అయిదు లోపే. ఈ పట్టీలో మాత్రం పేగు అడ్డంకికి ముఖ్య కారణాల్లో ఒకటి. అమెరికాలో ఎక్కువగా ముసలివారికి, ఏళ్ల తరబడి మంచం పట్టినవారికి వస్తుంది. ఇక్కడ నడివయసు మగవాళ్లకు, నిన్నటిదాకా బరువులు మోసినవాళ్లకు కూడా వస్తుంది. పీచు బాగా ఉండే తిండి పేగును పెద్దది, పొడవైనది చేస్తుందని, ఆండీస్ కొండల ఎత్తులో వాయువు వ్యాకోచం పేగును సాగదీస్తుందని వివరణలున్నాయి. బ్రెజిల్ వైపు చాగస్ జబ్బు పేగు నరాల్ని తినేస్తుంది. టర్కీ తూర్పున ఎర్జురుమ్ నగరంలోని అతాతుర్క్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి 46 ఏళ్లకు పైగా చూసిన 952 మంది సిగ్మాయిడ్ మెలిక రోగుల వివరాలను ఒకే లెక్కగా ప్రచురించింది. ఒకే ఊరి ఆసుపత్రి, ఒకే జబ్బు, రెండు తరాల డాక్టర్ల ఓపిక. ఈ జబ్బు గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో అలాంటి ఊళ్ల వాటా చాలా పెద్దది.

హైదరాబాద్ ఇవాళ ఎండోస్కోపీకి పేరున్న నగరం. విశాఖలో పుట్టిన నాగేశ్వర్ రెడ్డి ఆ విద్యలోనే పద్మవిభూషణ్ దాకా వెళ్లారు. కానీ మెలిక పడిన మనిషి హైదరాబాద్‌లో ఉండకపోవచ్చు. ఏజెన్సీ ఊళ్లోనో, మెట్ట పొలాల మధ్యనో ఉంటాడు. రెండు రోజులు సోడా తాగి, వాము నమిలి, మూడో రోజు 108 ఎక్కుతాడు. దగ్గరి ఆసుపత్రిలో కోలనోస్కోప్ లేకపోయినా, బీరువాలో ఆ 25 సెంటీమీటర్ల నిటారు గొట్టం, ఒక మెత్తటి ఫ్లేటస్ ట్యూబు, ఎక్స్‌రే చూసి గుర్తుపట్టే ఒక డ్యూటీ డాక్టరు ఉంటే మనిషిని పెద్దాసుపత్రి దాకా ప్రాణంతో పంపవచ్చు. పరికరాల జాబితాలు రాసే ప్రతిచోటా ఆ రెండు పాత గొట్టాలూ ఉండాలని నేను కోరుకుంటాను.

సాయంత్రం వార్డులో పెద్దాయన కాస్త మజ్జిగ అడుగుతున్నాడు. రేపటిదాకా ఏమీ వద్దని సిస్టర్ చెబుతోంది. తొడకు అంటించిన గొట్టం రెండో కొస మంచం కింద సీసాలో, నీళ్లలో మునిగి ఉంది. కొద్దికొద్దిసేపటికి ఆ నీళ్లలో ఒక బుడగ లేస్తోంది. మనవడు కింద కూర్చుని వాటిని లెక్కపెడుతున్నాడు.